దసరాకు సున్నం, సంక్రాంతికి పెయింటు

మీరడిగింది ఇది: నల్లగొండ దగ్గర రాతిగోడల పాత ఇల్లు, కింద షాబాదు బండలు. బతుకమ్మకు ఆడబిడ్డలొస్తరు, సంక్రాంతికి పట్నం నుంచి పిల్లలొస్తరు. గోడలకు ఏ కంపెనీ పెయింటు మంచిది, పరదలు ఏ రంగువి తేవాలె, చలికి ఏమేం కొనాలె?

కంపెనీ ఏదన్నా తెచ్చుకోండ్రి గని, దసరాకు మాత్రం పెయింటు వేయొద్దు. ఈ ఒక్క మాట ఇంటే మిగిలిన జవాబు చదవకున్నా నడుస్తది.

మన దిక్కు నైరుతి వానలు ఎనుకకు మళ్లేది మామూలుగ అక్టోబరు నడుమల. పెత్రమాస (పితృ అమాస), ఆనాటి ఎంగిలిపూల బతుకమ్మ ఎక్కువ ఏండ్లు సెప్టెంబరు ఆఖర్లనో అక్టోబరు మొదట్లనో వస్తయి. అంటే వాన పోకముందే పండుగ వస్తది. మూడు నెలలు నీళ్లు తాగిన రాతిగోడ, అందులనూ మట్టితో కట్టి పైన సున్నం గిలాబు (ప్లాస్టరింగు) చేసింది, పండుగ ఉందని వారం రోజులల్ల ఆరదు. పైన చేయి పెడితే పొడిగనే తగులుతది, లోపల తడి అట్లనే ఉంటది.

అసుంటి గోడకు పెత్రమాస వారంల పెయింటర్ వచ్చి రెండు కోట్ల పుట్టీ, ఒక ప్రైమరు, రెండు కోట్ల ఎమల్షన్ కొట్టిపోయిండనుకోండ్రి. సద్దుల బతుకమ్మ నాటికి ఇల్లు ఫొటోలల్ల మెరుస్తది. దీపావళి కాడ చూస్తే నేల నుంచి మోకాలెత్తు దాకా, మంచం ఎనుక, బీరువా ఎనుక, జొన్నగింజలంత బొబ్బలు లేస్తయి. వేలితోని నొక్కితే నీళ్ల చెమ్మ. కార్తీక పున్నమికి బొబ్బ పగిలి తెల్లటి పొడి రాలుతది. అది దుమ్ము కాదు, గోడల ఉన్న చౌడు, అంటే ఉప్పు. సంక్రాంతికి పుట్టీ పెళ్లలు పెళ్లలుగ ఊడి పరుపు మీద పడుతది. అప్పుడు పెయింటర్‌కు ఫోన్ చేస్తే గోడదే తప్పంటడు, దుకాణపాయన వాటర్‌ప్రూఫ్ కోటు కొట్టియ్యమంటడు.

కారణం పెద్ద రహస్యమేం కాదు. గోడ ఆరాలంటే లోపలి నీళ్లు పైకి రావాలె. వచ్చేటప్పుడు మట్టిల, గిలాబుల ఉన్న ఉప్పును కలుపుకొని వస్తయి. పెయింటు పొర దారి మూసేస్తే నీళ్లు కొంచెం కొంచెమే పోతయి, ఉప్పు మాత్రం పొర ఎనుక గట్టిపడి దాన్ని ముందుకు నెడుతది. లోపలి దిక్కు వాటర్‌ప్రూఫ్ కోటు కొడితే చెమ్మ పోదు, మోకాలు దాటి నడుం ఎత్తుకు ఎక్కుతది. ఇది తెల్వక ఏటేటా పది పదిహేను వేలు గోడకు పోసేటోళ్లు ఊరికి పదిమంది ఉంటరు. దుకాణపోళ్లు చెప్పరు, చెప్తే డబ్బాలు అమ్ముడుపోవు.

గోడ ఆరిందా లేదా చూసేది సులువు. అడుగు పొడుగు, అడుగు వెడల్పు ఉన్న పాలిథిన్ కాయిదం గోడకు పెట్టి నాలుగు దిక్కులా టేపుతోని గాలి పోకుండ అతికియ్యుండ్రి. ఒక రోజు ఆగి తీయుండ్రి. కాయిదం లోపలి దిక్కు నీటిబొట్లున్నా, గోడ రంగు ముదిరినా ఇంకా తడి ఉన్నట్టే. నేలకు జానెడు ఎత్తుల ఒకటి, ఛాతీ ఎత్తుల ఒకటి పెట్టుండ్రి, రెండింటికీ తేడా తెలుస్తది. ఈ పరీక్ష డిసెంబరుల గెలిచిన గోడకు అప్పుడు మంచిగ పెయింటు వేసుకోండ్రి. బయటి గోడలైతే ఎండ బాగ ఎక్కినంక మొదలుపెట్టి, సాయంత్రం నాలుగింటికి బంద్ చేయుండ్రి. రాత్రి మంచు పడితే ఆరని పెయింటు మచ్చలు కడుతది.

మరి దసరాకు ఏం చేయాలె? సున్నం. పెయింటుకు చెడు చేసే తడే సున్నానికి మంచి చేస్తది. సున్నం గోడను మూసెయ్యదు, చెమ్మను పోనిస్తది. పొడిగోడ మీద వేస్తే పిండిలెక్క రాలుతది గనుక వేసేముందు గోడను నీళ్లతోని తడపాల్సిందే. అయితే ఒక షరతు. మీ గోడ మీద ఇంతకుముందే డిస్టెంపరో ఎమల్షనో ఉంటే దాని మీద సున్నం పట్టదు. గీకి గిలాబు కనపడేదాకా తీయాలె. ఆ పని పండుగ ముందట పెట్టుకోవద్దు, దుమ్ము కడుగుడుకే పండుగ అయిపోతది.

రాయి సున్నం గడ్డలు చూసి కొనుండ్రి. తేలికగ, గట్టిగ, గడ్డ లెక్కనే ఉండాలె. సంచిలనే పొడైపోయిందంటే గాలికి సగం చచ్చిన సున్నం అది, గోడకు పట్టదు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు సున్నపురాయి మీద అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తుంటే, మనకు మంచి సున్నం గడ్డ దొరకాలంటే నాలుగు దుకాణాలు తిరగాలె. అది వేరే సంగతి.

5 కిలోల గడ్డకు 25 లీటర్ల నీళ్లు. ఇనుప డ్రమ్ముల ముందు నీళ్లు పోసి, గడ్డలు ఒక్కొక్కటి మెల్లగ వేయుండ్రి. గడ్డల మీద నీళ్లు గుమ్మరియ్యొద్దు, ఎగజిమ్ముతది. కుతకుత ఉడుకుతది, పల్చటి ప్లాస్టిక్ డ్రమ్మైతే మెత్తబడుతది. పిల్లలను ఆ చాయకు రానియ్యొద్దు. కలిపేటోళ్లు కండ్లకు అద్దాలు పెట్టుకోవాలె. సున్నం కంట్ల పడితే రుద్దకుండ మంచినీళ్లు పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండ పోసి, వెంటనే దవాఖానకు పోవాలె. ఉడికిన సున్నాన్ని ఒక రోజు కదిలియ్యకుండ ఉంచి, ముతక బట్టల వడకట్టుండ్రి. వడకట్టకుంటే గోడ మీద పలుకులు నిలబడి నెల తర్వాత పూసలు పూసలుగ పగులుతయి. 100 గ్రాముల తుమ్మబంక వేడినీళ్లల్ల కరిగిచ్చి కలుపుండ్రి. బంక లేని సున్నమే వీపుకు అంటుతది. నీలం 15 గ్రాములు దాటొద్దు, దాటితే ఇల్లు స్కూల్ బిల్డింగు లెక్క కొడుతది. ఆఖరుకు ఇంకో 25 లీటర్ల నీళ్లు పోస్తే పాలలెక్క అయితది, అదీ సరైన పలుచదనం.

చిక్కగ ఒక్క కోటు వేస్తే పని అయిపోతదని చాలామంది అనుకుంటరు. చిక్కటి సున్నం ఎండినంక పొరలూడుతది. పల్చగ రెండు మూడు కోట్లు వేయాలె. కుంచె ఒకపారి పైనుంచి కిందికి, మళ్లా కిందినుంచి పైకి. అది ఆరకముందే కుడినుంచి ఎడమకు, ఎడమనుంచి కుడికి. వేసేటప్పుడు గోడ నల్లగనే కనపడుతది, ఆరినంకనే తెలుపు తేలుతది. అది తెల్వని కుర్రోడు కోటు మీద కోటు కొడుతనే ఉంటడు. వంటింట్ల నూనె జిడ్డు పట్టిన గోడను ముందుగాల బట్టల సోడా నీళ్లతోని కడిగి ఆరబెట్టాలె, లేకుంటే జిడ్డు కాడ సున్నం నిలవదు. గడపకు, అరుగు అంచులకు జాజు (ఎర్రమట్టి రంగు) పెడితే దసరా ఇల్లు తయారు.

తలుపుల సంగతి కూడ గిట్లనే. వానాకాలంల చెక్క ఉబ్బి తలుపు చౌకట్టుకు పట్టేస్తది. పండుగ వస్తుందని వడ్లాయనను పిలిచి గీకిస్తరు. డిసెంబరుల గాలి పొడిగైనంక అదే చెక్క బిగుసుకొని, గీకినంత సందు తేలుతది. ఆ సందులనుంచి చలిగాలి, బల్లులు. వేప చెక్కైతే ఇంకా ఎక్కువ ఆడుతది. దసరాకు రాసుకునే అంచుకు కొవ్వొత్తో సబ్బో రుద్ది, తలుపు బందుల స్క్రూలు బిగియ్యుండ్రి. స్క్రూ తిరుగుతనే ఉంటే తొర్రల అగ్గిపుల్ల పెట్టి బిగిస్తే పడుతది. సగం తలుపులు దీంతోనే దారికొస్తయి. డిసెంబరుల కూడ పట్టేస్తుంటే అప్పుడు గీకియ్యుండ్రి. గీకినంక తలుపు కింది అంచుకు, పై అంచుకు వార్నిష్ పెట్టించుడు మరువద్దు. వడ్లోళ్లు కనపడే దిక్కే పెడ్తరు, కింది అంచు పచ్చిగనే ఇడుస్తరు. తలుపు నీళ్లు తాగేది అక్కడినుంచే.

షాబాదు బండల మీద యాసిడ్ పోసేటోళ్లను చూస్తే కోపమొస్తది. షాబాదైనా తాండూరైనా సున్నపురాయే. బాత్రూం యాసిడ్ పడగానే బుసబుస పొంగుతది, మురికి పోతుందనుకుంటరు, పోయేది బండ. నునుపు పోయి రంధ్రాలు తెరుచుకుంటయి. ఆ తర్వాత పడిన పసుపు, నూనె ఇంక జన్మల పోవు. నిమ్మకాయ, వెనిగర్ కూడ వద్దు. బకెట్ గోరువెచ్చని నీళ్లల్ల రెండు చెంచాల బట్టల సోడా వేసి కొబ్బరిపీచుతోని రుద్దితే చాలు. నూనె మరకుంటే చాక్‌పీసు పొడి, సోడా కొంచెం నీళ్లతోని ముద్ద చేసి రాత్రంత ఉంచి పొద్దున గీకేయుండ్రి. ఈ బండ మార్గశిరంల కాలు పెట్టనియ్యనంత చల్లగైతది, జంపఖానా పరవాల్సిందే. అయితే దీపావళి దాటినంకనే. దసరాకే పరిస్తే బండ చెమ్మ పట్టి కింద బూజు వాసనొస్తది.

పరుపులు దులిపి ఎండబెట్టుడు దసరాకు చేయుండ్రి, దూది ఏకించుడు మాత్రం నవంబరుల పెట్టుకోండ్రి. తడి గాలిల ఏకిన దూది ఉండలు కడుతది. పైగా అప్పటికి కొత్త పత్తి వస్తది. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు పరుపుకు సుమారు 8 నుంచి 10 కిలోల దూది కావాలె. ఇంటి పత్తి ఉందని సంబరపడేముందు లెక్క చూసుకోండ్రి: క్వింటా పత్తి జిన్నింగ్ చేస్తే దూది దాదాపు మూడోవంతే, మిగిలింది గింజ. ఏకే బండి ఇంటి ముందటికి వస్తే పాత దూది మీరే తూకం వేసి ఇయ్యుండ్రి, పని కండ్ల ముందట చేయించుండ్రి, ఆఖరుకు మళ్లా తూకం వేయుండ్రి. దుమ్ము పోయి కొంచెం తగ్గుడు సహజం. తగ్గకపోగా పెరిగిందంటే మిల్లు చెత్త కలిసిందని అర్థం. బొంత కుట్టించుకుంటే అన్నీ నూలు చీరలే ఉండాలె. నడుమ ఒక్క పాలిస్టర్ చీర దూరినా అది జారి, ఉతికినంక బొంత ఒక దిక్కు ముద్దైతది.

చలికి కొనాల్సింది ఏదన్నా ఉంటే గొంగడి కొనుండ్రి. పాలమూరు, నల్లగొండ ఊర్లల్ల కురుమలు నేసే నల్లగొర్రె బొచ్చు గొంగడికి ఈ మెత్తటి మింక్ రగ్గులు సరిరావు. మింక్ రగ్గు కప్పుకుంటే చెమట పడుతది, తీస్తే చలి పెడుతది. కొత్త గొంగడి బిరుసుగ ఉందని ఎనుకకియ్యొద్దు, చింతగింజల గంజి పెట్టి నేస్తరు, వాడంగ వాడంగ మెత్తబడుతది. వేడినీళ్లల్ల ఉతికితే బొచ్చు బిగుసుకొని కురచైతది. చల్లనీళ్లల్ల ముంచి, పిండకుండ నీడకు ఆరెయ్యాలె. ఎండాకాలం లోపల పెట్టేముందు బాగ ఎండిన వేపాకు మడతల నడుమ వేయుండ్రి. పచ్చి ఆకు పెడితే మరక.

గీజరు సర్వీసు అక్టోబరులనే చేయించుండ్రి. మన బోరు నీళ్ల ఉప్పు ఎలిమెంటు చుట్టు గడ్డకట్టి, నీళ్లు కాగేటందుకు రెట్టింపు టైం పడుతది, లోపల గురగుర మంటది. కింది ప్లేటు విప్పి ఉప్పు గీకించి, ట్యాంకు తుప్పు పట్టకుండ కాపాడే మెగ్నీషియం రాడ్డు అరిగితే మార్పించుండ్రి. రబ్బరు వాషరు కూడ కొత్తది వేయాలె, లేకుంటే వారంల కారుతది. డిసెంబరుల మెకానిక్ దొరకడు. కుంపటి మాత్రం తలుపులు పెట్టిన అర్రల వద్దే వద్దు. బొగ్గు పొగ కనపడకున్నా దాని గాలికి నిద్రల ప్రాణం పోతది. గ్యాస్ గీజరు కూడ గాలి ఆడని బాత్రూంల పెట్టొద్దు.

ఇగ పరదలు. వాస్తు పేరు మీద కిటికీలన్నీ తూర్పుకు, ఉత్తరానికే పెట్టుకుంటం, చలిగాలి కూడ అటునుంచే వస్తది. అందుకే పరద కిటికీ అంచు కాడ ఆగొద్దు, జానెడు కిందికి దిగాలె. కిటికీ వెడల్పుకు రెండింతల బట్ట తీసుకుంటేనే కుచ్చు నిలుస్తది. పోచంపల్లి బట్ట తీసుకుంటే తిరగేసి చూడుండ్రి: నేసిందైతే రెండు దిక్కులా డిజైను ఒక్క తీరుగనే ఉంటది, అచ్చు వేసిందైతే ఎనుక వెలిసినట్టుంటది. ఎనుక తెల్ల లైనింగు కుట్టిస్తే ఎండకు రంగు పోదు, చలికీ ఆపుతది. ఏ రంగంటరా, మన ఎర్రమట్టి దుమ్ముకు లేత రంగులు నెల కూడ ఆగవు. ముదురు ఎరుపో, మట్టి రంగో చూసుకోండ్రి. మొదటిపారి విడిగ ఉతుకుండ్రి.