కాలువలు కట్టేశాక ఒకసారి చూడు

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. నీవు పంపిన నాలుగు వ్యాసాలూ రెండేసి సార్లు చదివాను. వాక్యం మీద నీకున్న ప్రేమ, మన పల్లెల మీద నీకున్న మమకారం ప్రతి పేరాలోనూ తెలుస్తున్నాయి కనుక, వాటిని మెచ్చుకుంటూ కూర్చోకుండా, చదువుతూ చదువుతూ నేను ఆగిపోయిన చోట్ల గురించే రాస్తాను.

దేవుని కృప మన గోదావరి కాలువ వంటిదనీ, అది ఏనాడూ ఆగక పారుతుందనీ మొదటి వ్యాసంలో రాశావు. ధవళేశ్వరంలో కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ డెల్టా రాత మారిన మాట నిజమే. కానీ గట్టున పుట్టి పెరిగిన ఏ రైతును అడిగినా, దాళ్వా (రెండో పంట) చేలకు చివరి తడి అందాక వేసవిలో కాలువలు కట్టేస్తారనీ, మళ్లీ సార్వాకు (వానకాలపు పంటకు) గానీ వదలరనీ చెబుతాడు. ఆ రోజుల్లోనే అడుగున పేరుకున్న పూడిక తీస్తారు, గుర్రపుడెక్కను లాగి గట్టున పడేస్తారు, నీటిని ఆపి వదిలే లాకుల తలుపులు బాగుచేస్తారు. కట్టేసే ముందే ఊరూరా మంచినీటి చెరువులు నింపుకుంటారు. ఇక కాలువ చివరనున్న శివారు భూముల రైతుకైతే కాలువ నిండుగా పారే రోజుల్లోనూ వంతు వచ్చేదాకా నీరు అందదు. ఆయన నీ వ్యాసంలో ఆ ఒక్క వాక్యం దగ్గరే పుస్తకం మూసేస్తాడు.

అయితే ఎండిన కాలువలో నీకు మరో వ్యాసం ఉంది. ప్రార్థనకు జవాబు రాని నెలల గురించి, ఆ నెలల్లో మనలో జరిగే పూడికతీత గురించి, ముందుగానే చెరువు నింపుకున్నవారి గురించి రాయవచ్చు. అది రాయడం కష్టం, కానీ కన్నీళ్లతో మందిరానికి వచ్చేవారికి పనికొచ్చేది అదే.

ప్రభువు ఉపమానాలు చెప్పినప్పుడు ఎదురుగా కూర్చున్నవారు ఆ పనులు చేసేవారే. విత్తేవాడి ముందు విత్తనం గురించి, జాలరి ముందు వల గురించి తప్పు చెబితే చెల్లదు. మన బైబిలును తెలుగు చేసినవారికీ ఈ సంగతి తెలుసు కాబోలు, మత్తయి 13వ అధ్యాయంలో ఉపమానంలోని స్త్రీ పుల్లని పిండి (పులియబెట్టే పిండి) కలిపింది మూడు కుంచముల పిండిలో అని రాశారు. కుంచం అనే మన పాత కొలత పేరు వినగానే మా నాయనమ్మకు ఆ పిండి ఎంతో కళ్లకు కట్టేది.

అదే అధ్యాయంలో, గోధుమల మధ్య శత్రువు విత్తిన గురుగులనే కలుపు ఉపమానాన్ని నీవు మన వరిచేలో మొలిచే ఊద అనే కలుపు గడ్డితో పోల్చావు. పోలిక మంచిదే, కానీ సగంలో వదిలేశావు. లేతగా ఉన్నప్పుడు ఊద అచ్చం వరిలాగే ఉంటుంది; ఆకు కాడను అంటుకునే చోట వరికి పల్చటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు. అనుభవమున్న ఆడవాళ్లు అంత పరీక్షగా చూడకుండానే రంగును బట్టి, ఆకు వాలును బట్టి పీకేస్తారు. కొత్తగా కలుపుకు వచ్చిన పిల్ల మాత్రం ఊదను వదిలి వరి పీకి, గట్టు మీదివాళ్ల చేత తిట్లు తింటుంది. ఇక్కడొక చిక్కుంది. ఉపమానంలోని యజమాని రెంటినీ కోత దాకా పెరగనివ్వమన్నాడు. మన రైతు ఊదను కోత దాకా ఉంచితే పంట పోయినట్టే. నీవు ఈ తేడాను పాఠకుడికి కనబడకుండా దాటేశావు. దాన్ని ఎదురుగా పెట్టి రాయి. చేలో పీకేయవలసినదాన్ని మనుషుల మధ్య పీకవద్దని ఆయన ఎందుకన్నాడో అడుగు. ఆ కొత్త పిల్ల చేతిలోని వరి మొక్కను చూస్తే నీకు జవాబు దొరకవచ్చు, ఎందుకంటే మన సంఘాల్లో కలుపు తీయడానికి తొందరపడేవారిలో ఎక్కువమందిది ఆ పిల్ల చూపే.

నా తప్పు కూడా ఒకటి చెబుతాను. 1996 నవంబరులో కోనసీమ తుపాను వచ్చినప్పుడు మేము రాజోలు వైపు ఉండేవాళ్లం. కొబ్బరితోటలు వరసలు వరసలుగా నేలకొరిగాయి, మా పెంకుటిల్లు మాత్రం నిలిచింది. ప్రార్థన చేసిన ఇంటిని దేవుడు కాపాడాడని నెల తిరగకముందే వ్యాసం రాసి కూటంలో చదివాను. ఆ రాత్రి గోడ కూలి మనవణ్ణి పోగొట్టుకున్న పెద్దావిడ, కూటం ముగిశాక నా దగ్గరికి వచ్చి, “మేమూ తెల్లవార్లూ ప్రార్థన చేశామమ్మా” అని ఆ ఒక్క మాటే అని వెళ్లిపోయింది. ఇంటికి వచ్చి లూకా సువార్త 13వ అధ్యాయం తెరిచాను. సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది యెరూషలేములోని మిగతావారికంటే అపరాధులా అని ప్రభువే అడిగి, కారని ఆయనే చెప్పాడు. అంతకుముందు ఆ మాట ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ వ్యాసాన్ని మళ్లీ ఎక్కడా అచ్చుకు ఇవ్వలేదు.

నీ మూడో వ్యాసం బాగుంది. చివరన పేర్చిన ఆరు వచనాల్లో ఒక్కటి ఉంచు, చాలు.

నాలుగోది నరసాపురం లేసు గురించి. మా అమ్మ లేసు అల్లి మమ్మల్ని చదివించింది కనుక దాన్ని కొంచెం పట్టింపుగానే చదివాను. ఈ అల్లికను 19వ శతాబ్దంలో మిషనరీలు ఇక్కడికి తెచ్చారని రాశావు, సరే. కానీ తప్పుపడిన చోట కత్తిరించి ముడివేస్తారని రాశావు, అది సరికాదు. తప్పు కనబడితే సూది తీసేసి దారం లాగుతారు. తప్పిన కుట్టు దాకా అంతా ఊడి వస్తుంది, ఆ దారంతోనే మళ్లీ అల్లుతారు. రెండు రోజుల పని ఊడదీసేటప్పుడు మా అమ్మ ముఖం నాకింకా గుర్తే. మారుమనస్సు గురించి రాయాలనుకుంటే ఆ ముఖం దగ్గర మొదలుపెట్టవచ్చు. అల్లినావిడకు ముట్టే కూలి గురించి నీ వ్యాసంలో ఒక్క మాటా లేదు. కూలివారి బిగబట్టిన జీతం మొరపెడుతుందని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు కదా. దైవహస్తపు అల్లికను వర్ణించే ముందు లేసు అల్లేవారి అరుగు మీద కూర్చుని కూలి ఎంతో అడిగి రా.

వచ్చే వేసవిలో కాలువలు కట్టేశాక మా ఊరు రా. మా లాకుల దగ్గర పనిచేసే లస్కరు మన మతం వాడు కాడు, ఉపమానాలూ ఎరగడు, కానీ నీటి సంగతి ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. తిరగరాసిన కాలువ వ్యాసం ఆయనకు చదివి వినిపిద్దాం. ఆయన ఎక్కడ నవ్వితే అక్కడ పెన్సిలుతో గీత పెడుదువు గాని.

ప్రార్థనలతో,
మీ అక్కయ్య