లివర్ క్యాన్సర్ ఆపరేషన్‌కి ముందు వీఈజీఎఫ్ ఎక్కువుంటే జబ్బు తిరగబెడుతుందా?

అవకాశం కొంత ఎక్కువే, కానీ ఖాయమేమీ కాదు. వీఈజీఎఫ్ అంటే కొత్త రక్తనాళాలు మొలిపించే ప్రొటీన్. లివర్‌లోని గడ్డ వాటి ద్వారానే రక్తం లాక్కుని పెరుగుతుంది. అందుకే ఇది రక్తంలో ఎక్కువున్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత ఫలితాలు అంత బాగుండవని చాలా అధ్యయనాల్లో కనిపించింది.

ఇక్కడో చిక్కుంది. ప్లేట్‌లెట్లలో కూడా వీఈజీఎఫ్ దండిగా ఉంటుంది. రక్తం గడ్డకట్టాక తీసే సీరంలోకి అదంతా వచ్చి చేరుతుంది. రక్తాన్ని గడ్డకట్టనీయకుండా తీసే ప్లాస్మాలో అలా కాదు, అంకె తక్కువ వస్తుంది. కాబట్టి సీరం రిపోర్టునీ ప్లాస్మా రిపోర్టునీ పక్కపక్కన పెట్టి టెన్షన్ పడొద్దు.

ఐజీఎఫ్-1 అని పెరుగుదలకు తోడ్పడే ఇంకో ప్రొటీన్ ఉంది, దాని సంగతి తిరగేసి ఉంటుంది. దాన్ని ఎక్కువగా లివరే తయారుచేస్తుంది కనుక, లివర్ చెడినకొద్దీ తగ్గుతుంది. అది తగ్గడమే మంచి సూచన కాదు.

నిజానికి డాక్టర్లు ముందు చూసేవి ఇవి కావు. గడ్డ సైజు, ఎన్ని ఉన్నాయి, తీసేసిన గడ్డను ల్యాబ్‌లో పరీక్షిస్తే సన్న రక్తనాళాల్లోకి పాకినట్టు కనిపించిందా, మిగతా లివర్ ఎలా ఉంది, లివర్ క్యాన్సర్‌లో తరచూ పెరిగే ఏఎఫ్‌పీ అనే ప్రొటీన్ రక్తంలో ఎంత అన్నవే చూస్తారు. ఆపరేషనైన 5 ఏళ్లలో 70 శాతం దాకా తిరగబెట్టొచ్చు. అందుకే వీఈజీఎఫ్ టెస్టుకి పెట్టే డబ్బు, మొదటి రెండేళ్లు 3-6 నెలలకోసారి తీయించాల్సిన స్కానింగ్‌కి పెట్టండి.