నాన్నతో కలిసి చూడదగ్గ సినిమాలు: మా విజయనగరం ఇంట్లో ఏవి కుదిరాయంటే

మీ నాన్నగారికి పాత సినిమాలు తప్ప పడవని, కొత్తది పెడితే పావుగంటకే లేచి వెళ్ళిపోతారని, ఇద్దరూ కూర్చుని చూడగలిగే తెలుగు సినిమాలు చెప్పమని అడిగారు. మా ఇంట్లోనూ ఇదే పంచాయితీ. మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన లెక్కలో ఎస్వీ రంగారావుతోనే తెలుగు సినిమా కూడా పోయింది.

సినిమాల పేర్లకి ముందు ఒకటి గమనించండి. మీ నాన్నగారు లేచిపోయేది కథ నచ్చకేనా, లేక మాటలు వినపడకా? "ఏటిరా ఇది, డప్పులు తప్ప ఒక్క ముక్క ఇనపడ్డం లేదు" అంటాడు మా నాన్న. అందులో అబద్ధమేం లేదు. ఇప్పటి హీరో గొణుగుతుంటాడు, వెనక మ్యూజిక్ మోగిపోతుంటుంది. థియేటర్ కోసం చేసిన సౌండు మన టీవీ స్పీకర్లలోంచి వచ్చేసరికి మాట అడుగున పడిపోతుంది. వయసు మీద పడ్డ చెవికి ఇంకా కష్టం. టీవీ సెట్టింగుల్లో డైలాగుల్ని పైకి తెచ్చే ఆప్షన్ ఉంటే పెట్టండి, కుదిరితే సౌండ్‌బార్ కొనండి. పాత నటుల్లో చాలామంది నాటకాల్లోంచి వచ్చినవాళ్ళు, ఆఖరి బెంచీకి వినపడేలా పలకడం వాళ్ళకి అలవాటు. అందుకే ఆ సినిమాలకి ఈ బాధ లేదు.

ఇక ఏ సినిమా పెట్టాలన్నదానికి నేను చూసేది ఒక్కటే: ఆయనకి తెలిసిన లోకం అందులో ఉందా లేదా. మధ్యలో ఆపి నాకు పాఠం చెప్పే వీలున్న సినిమా అయితే మా నాన్న కుర్చీలోంచి కదలడు.

మా ఇంట్లో ఆయన చివరిదాకా చూసిన మొదటి కొత్త సినిమా కేరాఫ్ కంచరపాలెం (2018). విశాఖలోని ఆ పేటలోనే తీశారు, నటించినవాళ్ళలో చాలామంది అక్కడి మామూలు జనమే. పెళ్ళికాని నడివయసు అటెండరు కథ అనగానే ఆయనకి వాళ్ళ డిపో ఆఫీసు గుర్తొచ్చింది. సినిమా సగంలో ఉండగా తన కాలం అటెండర్ల కబుర్లు మొదలుపెట్టాడు. ఆపలేదు నేను. దాని ముగింపు ఏంటో మాత్రం ముందే చెప్పకండి, చూసినవాళ్ళని చెప్పనివ్వకండి.

తర్వాత పలాస 1978. కరోనాకి థియేటర్లు మూతపడే ముందు, 2020 మార్చిలో వచ్చింది కాబట్టి చాలామంది చూళ్ళేదు. కరుణ కుమార్ తీశాడు. కులం, కూలి, రాజకీయం కలిసి ఇద్దరు అన్నదమ్ముల్ని ఎక్కడికి నెట్టాయన్నది కథ. రక్తపాతం ఎక్కువే, మీ నాన్నగారికి అది పడకపోతే వదిలేయండి. మా నాన్నయితే "ఆపరా ఓపాలి" అని రిమోట్ లాక్కున్నాడు. పలాస బస్సులో డ్యూటీ చేసే రోజుల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు ఎక్కేవారట. జీడి రసానికి వేళ్ళు నల్లగా మాడిపోయి ఉండేవట. టికెట్టుకి చిల్లర ఇస్తుంటే, ఏ చేయి ఎవరిదో మొహం చూడకుండానే చెప్పగలిగేవాణ్నన్నాడు. ఈ సంగతి ఇన్నేళ్ళలో ఆయన నోట ఎప్పుడూ వినలేదు. రఘు కుంచె సంగీతం నాకు బాగా నచ్చింది, మా జానపద బాణీని పాడుచెయ్యకుండా వాడుకున్నాడు. నాన్నకి మాత్రం రెండో సగం సాగదీసినట్టనిపించింది. అక్కడ మాకు కుదర్లేదు.

తండేల్ (2025) శ్రీకాకుళంలో చెల్లి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు థియేటర్లో చూశాం. శ్రీకాకుళం జిల్లా మత్స్యలేశం జాలర్ల నిజ జీవితం దానికి ఆధారం. మన తీరంలో వేట సరిగ్గా సాగక గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద పనికి పోయినవాళ్ళు, 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరికి గానీ విడుదల కాలేదు. ఇక్కడివాళ్ళకి ఆ వార్త బాగా గుర్తు. సముద్రం సీన్లకి నాన్న ముందుకి వంగి చూశాడు, జైలు సీన్లు రాగానే వెనక్కి వాలిపోయాడు. నాకూ ఆ భాగం వట్టి సినిమాలాగే అనిపించింది. మగాళ్ళు లేక ఊళ్ళో ఇళ్ళు ఎలా గడిచాయో ఇంకాస్త చూపించాల్సింది. నాగచైతన్య యాసకి నాన్న సగం మార్కులేశాడు. కోపం వచ్చినప్పుడు యాస జారిపోతోందట! నేనైతే ఇంకాస్త ఎక్కువే వేస్తాను, కష్టం కనిపించింది.

ఇవి ఆయన నా కోసం చూసినవి. మీరూ ఆయన కోసం పాతవి చూడాలి, అదీ ఫోను పక్కన పెట్టి. మాయాబజార్ (1957) రంగులద్దినది కాకుండా నలుపు తెలుపుదే పెట్టండి. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ తీసిన వెన్నెల రంగుల్లో వెలవెలబోతుంది. దానికి సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకి బాణీలు కట్టి తప్పుకుంటే ఘంటసాల పూర్తిచేశాడు. సాలూరి పుట్టింది 2022 దాకా మా జిల్లాలోనే ఉన్న శివరామపురం, ఘంటసాల చదివింది మా ఊరి సంగీత కళాశాల, 'అహ నా పెళ్ళంట' పాడిన సుశీల పుట్టింది విజయనగరం. మా నాన్నకి ఆ సినిమా సొంత ఆస్తి అయిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి!

కన్యాశుల్కం (1955) దగ్గర మాత్రం మాకు ఎప్పుడూ గొడవే. గురజాడ నాటకం మొదలయ్యేదే మా విజయనగరం బొంకులదిబ్బ మీద కదా, సినిమావాళ్ళకి ఇక్కడ రాయితీల్లేవు. గిరీశం అంటే స్టేజి మీద జె.వి. రమణమూర్తే, సినిమాలో వేసిన ఎన్టీ రామారావు మరీ అందగాడు, అలాంటివాణ్ని చూస్తే మోసగాడని ఎవరనుకుంటారు అని నాన్న వాదన. అందంగా ఉంటేనే కదా బుచ్చమ్మలాంటి అమాయకులు నమ్మేది అని నాది. మధురవాణిగా సావిత్రి విషయంలో ఇద్దరికీ పేచీ లేదు.

మీరు కంచరపాలెంతో మొదలుపెట్టండి. సెలవు రోజు మధ్యాహ్నం, భోజనం అయ్యాక కాకుండా ముందే పెట్టండి, తిన్నాక పెడితే పావుగంటకి గురకే. మీ నాన్నగారు ఏం పని చేసేవారో, ఏ ఊరో రాస్తే ఇంకో రెండు మూడు పేర్లు చెప్తాను.