బడి తలుపులు తెరిచే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సెలవులు ముగింపుకొచ్చాయి. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా చిన్న పల్లె బళ్ల నుంచే. ఒకరో ఇద్దరో టీచర్లు, ఒకే గదిలో రెండు మూడు తరగతులు, ఆసుపత్రి ఎక్కడో దూరాన. అలాంటి చోట ఒక పిల్లవాడి జబ్బు రెండు రోజుల్లో అందరినీ చుట్టేస్తుంది. అలాగని ప్రతి చిన్నదానికీ ఇంటికి పంపేస్తే బెంచీలు ఖాళీ అవుతాయి. దేనికి ఆపాలి, దేనికి ఆపకూడదు అన్నదే ఈ నెల ప్రశ్నల్లో ఎక్కువగా కనిపించింది.

ప్రశ్న: మాది ఇద్దరు టీచర్ల బడి. సెలవులన్నాళ్లూ తాళం వేసి ఉంది. నీళ్ల ట్యాంకు కూడా అలాగే ఉండిపోయింది. పిల్లలు వచ్చేలోపు ఏం చేయాలి?
– ఒక ప్రధానోపాధ్యాయురాలు

కనీసం రెండు రోజుల ముందు తాళం తీయండి. మొదటి పని నీళ్లదే.

ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, లోపలి గోడలు, అడుగు బ్రష్‌తో రుద్ది మురికి నీళ్లు తోడేయండి. సబ్బు వాడొద్దు. తర్వాత 1000 లీటర్ల ట్యాంకుకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ (33 శాతం క్లోరిన్ ఉన్నది) ప్లాస్టిక్ బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లే ట్యాంకులో పోసి నిండా నింపండి. పొడిని నేరుగా ట్యాంకులో వేస్తే సున్నం అడుగున పేరుకుంటుంది, కొన్నాళ్లకు పైపుల్లో అడ్డుపడుతుంది. ఆ తర్వాత ప్రతి కుళాయీ తిప్పి, క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేయండి. చాలామంది ట్యాంకు కడిగి ఊరుకుంటారు. పైపుల్లో నిలిచిన పాత నీళ్లు మాత్రం అలాగే ఉండిపోతాయి. రాత్రంతా ఉంచి, పొద్దున కుళాయిల ద్వారానే మొత్తం వదిలేయండి. ఆ నీళ్లు ఎవరూ తాగకూడదు, మొక్కలకూ పోయకూడదు.

ఇక రోజూ తాగే నీళ్ల సంగతి. తేటగా ఉన్న 1000 లీటర్లకు 5 గ్రాముల పౌడర్‌తో మొదలుపెట్టి, అరగంట తర్వాత నీళ్లలో క్లోరిన్ ఎంత మిగిలిందో చూపే క్లోరిన్ కిట్‌తో చూడండి. లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. ఏమీ చూపించకపోతే పౌడర్ పాతదై ఉండొచ్చు, లేదా నీళ్లలో మురికి ఎక్కువై క్లోరిన్‌ను తినేసి ఉండొచ్చు. మూతి విప్పి వదిలేసిన సంచిలో పౌడర్ బలం నెలల్లోనే పోతుంది. నీళ్లు మడ్డిగా ఉంటే పౌడర్ పెంచడం కాదు, ముందు వడకట్టాలి. బ్లీచింగ్‌ను మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపొద్దు. విషవాయువు వస్తుంది.

మీ నీళ్లు బోరు నుంచో బావి నుంచో వస్తుంటే కోలిఫాం క్రిములకు (నీళ్లలో మలం కలిసి ఉండొచ్చని తెలిపేవి), నైట్రేట్‌కు (ఎరువులు, మురుగు నుంచి దిగే రసాయనం) పరీక్ష చేయించండి. నైట్రేట్ ఉన్న నీళ్లను మరగబెడితే నీరు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది.

గదుల్లో ఎలుక పెంటికలు కనిపిస్తే చీపురు పట్టొద్దు. దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అరగంట కిటికీలు తెరిచి ఉంచి, చేతికి గ్లౌజులు వేసుకుని, ద్రవ రూపంలో దొరికే బ్లీచ్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి తడిపి, 5 నిమిషాల తర్వాత కాగితంతో తుడిచి పారేయండి. చూరు కింద, మరుగుదొడ్డి తలుపు వెనక, ఆటస్థలం ఊయల గొట్టాల్లో కందిరీగల గూళ్లున్నాయేమో కూడా చూడండి. పిల్లలే ముందు కనిపెడితే రాళ్లు వేస్తారు.

ప్రశ్న: పొద్దున కాస్త ఒళ్లు వెచ్చగా ఉంటే పారాసిటమాల్ వేసి పంపిస్తున్నాను. పదకొండు గంటలకల్లా బడి నుంచి ఫోన్ వస్తోంది. జ్వరం తగ్గాకే కదా పంపింది?
– ఒక తల్లి

తగ్గింది జ్వరం కాదమ్మా, థర్మామీటర్ అంకె. మందు పనిచేసేది 4 నుంచి 6 గంటలు. ఉదయం ఆరింటికి వేస్తే పదకొండుకు దాని బలం అయిపోతుంది. అప్పటిదాకా పక్క పిల్లలతో కలిసే కూర్చుంది.

38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ వస్తే జ్వరం కిందే లెక్క. చంకలో పెట్టి చూస్తే అంకె తక్కువే చూపిస్తుంది కాబట్టి అక్కడ 37.5 దాటినా జ్వరమే అనుకోండి. మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే బడికి పంపాలి. "మందు వేయకుండా" అన్న మాటను బడి వాళ్లు నోటీసు బోర్డు మీద పెద్దక్షరాల్లో రాయాలి.

పారాసిటమాల్ మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 15 మిల్లీగ్రాములు, 24 గంటల్లో నాలుగు సార్లకు మించకుండా. సిరప్పుల బలం సీసాకో రకంగా ఉంటుంది. లేబుల్ మీద 5 మిల్లీలీటర్లకు ఎంతో చదివాకే కొలవండి. ఆస్పిరిన్ మాత్రం 16 ఏళ్లలోపు వాళ్లకు ఇవ్వకూడదు.

మిగతా జబ్బులకు ఎన్నాళ్లు ఆగాలో చాలామంది అడిగారు, ఇక్కడే చెప్పేస్తాం. వాంతులు, విరేచనాలైతే చివరిది అయ్యాక 48 గంటలు. ఆటలమ్మకు పొక్కులన్నీ పక్కు కట్టేదాకా, మామూలుగా అయిదారు రోజులు. తట్టుకు దద్దుర్లు మొదలైనప్పటి నుంచి 4 రోజులు, గవదబిళ్లలకు వాపు మొదలైనప్పటి నుంచి 5 రోజులు. గజ్జికి మొదటిసారి మందు రాసిన మర్నాడు రావచ్చు, కానీ ఇంట్లో అందరూ అదే రోజు రాసుకోవాలి. దురద ఆ తర్వాత రెండు మూడు వారాలున్నా మందు పనిచేయలేదని కంగారు పడొద్దు. తామరకు మందు మొదలుపెట్టి, మచ్చను కప్పి ఉంచితే చాలు.

జ్వరం లేని జలుబు, దగ్గులకు ఆపక్కర్లేదు. కండ్లకలక విషయంలో రెండు వాదనలున్నాయి. జ్వరం లేక, హుషారుగా ఉంటే రావచ్చంటారు చాలామంది నిపుణులు. కానీ ఒకటీ రెండు తరగతుల పిల్లలు కళ్లు నులుముకున్న చేత్తోనే పక్కవాడి పెన్సిల్ అందుకుంటారు. వాళ్లను నీరు, పుసి కారుతున్నన్నాళ్లు ఇంట్లో ఉంచడమే మేలని మా అభిప్రాయం.

మెడ బిగుసుకుపోవడం, గాజుగ్లాసుతో నొక్కినా మాయం కాని ఎర్రటి మచ్చలు, ఊపిరికి ఎగపోత, లేపినా సరిగా లేవకపోవడం, ఫిట్స్: వీటిలో ఏది కనిపించినా 24 గంటల లెక్కలు పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: పోయినేడు మా అమ్మాయిని తలలో పేలున్నాయని బడి నుంచి పంపేశారు. మందు పెట్టాం, పోయాయి, మళ్లీ వచ్చాయి. గుండు చేయించమంటున్నారు. కిరసనాయిలు రాయమని ఇంకొందరు. ఏది మంచిది?
– ఒక తల్లి

రెండూ వద్దు. కిరసనాయిలు చర్మాన్ని కాల్చేస్తుంది, పొయ్యి దగ్గరికి వెళ్తే ప్రాణానికే ముప్పు. గుండుతో పేలు పోతాయి కానీ పిల్ల బడికి రావడం మానేస్తుంది. బడి నుంచి పంపేయడమూ సరైంది కాదు. పేను కంటపడే నాటికి అది తలలో చేరి వారాలై ఉంటుంది, ఆ ఒక్క పూట పంపేసినందువల్ల ఒరిగేదేమీ లేదు. సాయంత్రం చీటీ రాసి పంపితే చాలు.

మళ్లీ ఎందుకొచ్చాయంటారా? ఈపి పొదగడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. చాలా మందులు పేలను చంపుతాయి గానీ ఈపులన్నిటినీ చంపలేవు. అందుకే 1 శాతం పెర్మెత్రిన్ లోషన్‌ను తొమ్మిదో రోజున రెండోసారి తప్పకుండా పెట్టాలి. అందరూ వదిలేసేది ఆ రెండోసారే.

పెట్టే పద్ధతి: కండిషనర్ లేని షాంపూతో తల కడిగి, టవల్‌తో తుడిచి, తడి కాస్త ఉండగానే లోషన్ పట్టించాలి. కండిషనర్ వెంట్రుక మీద పొరలా ఉండిపోయి మందును అంటనివ్వదు. చెవుల వెనక, మెడ పైన మరిచిపోవద్దు. పేలు ఎక్కువ ఉండేది అక్కడే. పొడవు జుట్టుకు ఒక్క సీసా చాలకపోవచ్చు, పైపైన రాస్తే లాభం లేదు. 10 నిమిషాలకు కడిగేసి, తర్వాత రెండు రోజులు షాంపూ పెట్టకండి.

మందు వద్దనుకుంటే పేల దువ్వెన చాలు, ఓపిక ఉండాలి. ఇక్కడ కండిషనర్ కావాల్సిందే. తడి జుట్టుకు దండిగా పట్టించి, చిక్కు తీసి, పాయలు పాయలుగా కుదురు నుంచి చివరిదాకా దువ్వి, ప్రతిసారీ దువ్వెనను తెల్ల కాగితానికి తుడిచి చూడండి. ఒకటి, అయిదు, తొమ్మిది, పదమూడు రోజుల్లో చేయాలి. మధ్యలో పెద్ద పేను దొరికితే ఇంకెవరి నుంచో మళ్లీ పాకినట్టే, ఇంట్లో అందరి తలలూ చూడండి.

కుదురుకు ఆరేడు మిల్లీమీటర్ల కన్నా దూరంగా అంటుకున్న ఈపులు సాధారణంగా ఖాళీ గుల్లలే. వాటిని చూసి మళ్లీ మందు కొనకండి. పేను ఎగరదు, దూకదు. తలకు తల ఆనినప్పుడే పాకుతుంది. తల వదిలితే ఒకటి రెండు రోజులకు మించి బతకదు. కాబట్టి బడి గదికి పురుగుమందు కొట్టించడం డబ్బు దండగే కాదు, పిల్లల ఊపిరికీ చేటు.

ప్రశ్న: మూడో తరగతి అబ్బాయికి ఆస్తమా. అంబులెన్సు మా ఊరికి రావడానికి చాలాసేపు పడుతుంది. బడిలో ఏం సిద్ధంగా ఉంచుకోవాలి?
– ఒక ఉపాధ్యాయుడు

బడి తెరిచిన మొదటి వారాల్లో జలుబులు పాకుతాయి, జలుబు వెంట ఆస్తమా లేస్తుంది. కాబట్టి తొలిరోజే తల్లిదండ్రుల నుంచి మూడు తీసుకోండి: డాక్టర్ రాసిచ్చిన కాగితం, పేరు రాసిన రిలీవర్ ఇన్‌హేలర్ (ఎగపోతను త్వరగా తగ్గించే సాల్బుటమాల్ మందుది), స్పేసర్ (ఇన్‌హేలర్‌కు బిగించి మందు పీల్చే ప్లాస్టిక్ గొట్టం). ఇవి తాళం వేసిన బీరువాలో ఉండకూడదు. తాళంచెవి ఉన్న టీచరు సెలవు పెట్టిన రోజే ఎగపోత వస్తుంది.

ఎగపోత మొదలైతే నిటారుగా కూర్చోబెట్టండి. పడుకోబెట్టొద్దు. ఇన్‌హేలర్ ఊపి, స్పేసర్‌కు బిగించి, ఒక్క పఫ్ నొక్కి నాలుగు శ్వాసలు తీయించండి. ఇలా నాలుగు పఫ్‌లు, ప్రతిసారీ ఊపుతూ, విడివిడిగా. నాలుగూ ఒకేసారి నొక్కితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. 4 నిమిషాలు ఆగి, తగ్గకపోతే మరో నాలుగు. అప్పటికీ తగ్గకపోతే అంబులెన్సుకు ఫోన్ చేసి, వచ్చేదాకా 4 నిమిషాలకోసారి నాలుగు పఫ్‌లు ఇస్తూనే ఉండండి. వాక్యం పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా ఎదురుచూడకుండా వెంటనే ఫోన్ చేసి, ఆ పైన పఫ్‌లు మొదలుపెట్టండి. మీలాంటి చోట ఎవరి బండి, నడిపేది ఎవరు అన్నది ఇప్పుడే మాట్లాడి రెండు ఫోన్ నంబర్లు గోడకు అంటించండి.

స్పేసర్ లేకపోతే అర లీటరు ప్లాస్టిక్ సీసా పనికొస్తుంది. అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం కోసి, టేపుతో గాలి పోకుండా బిగించండి. సీసా మూతి పిల్లవాడి నోట్లో ఉండాలి. స్పేసరైనా సీసా అయినా సబ్బు నీళ్లలో కడిగి గాలికే ఆరనివ్వండి. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌కు విద్యుదావేశం పుట్టి మందును లాగేసుకుంటుంది.

ఇన్‌హేలర్‌ను నీళ్లలో వేసి తేలితే ఖాళీ అనుకునే అలవాటు ఇంకా ఉంది. ఆ పరీక్షను నమ్మొద్దు. చాలా రకాల్లో 200 పఫ్‌లుంటాయి. వెనక లెక్క చూపించే కౌంటర్ లేకపోతే వాడినప్పుడల్లా కాగితం మీద గీత పెట్టండి. మందు అయిపోయినా గ్యాస్ వస్తూనే ఉంటుంది, అదే మోసం.

ప్రశ్న: సెలవుల్లో పిల్లలు అర్ధరాత్రి దాకా మేలుకున్నారు. బడి తెరిచే రోజు ఎలా లేపాలి?
– ఒక తండ్రి

ఆ రోజు లేపడం కుదరదు, ఇప్పటి నుంచే జరపాలి. రోజుకు 15 నిమిషాలు ముందుగా లేపండి, నిద్ర దానంతటదే ముందుకు జరుగుతుంది. 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు, ఆపై పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పడుకునే ముందు గంటసేపు ఫోన్ పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి.

ప్రశ్న: క్లాసులో ఒకరు వాంతి చేసుకుంటే ఏం చేయాలి? శానిటైజర్ చాలదా?
– ఒక అంగన్‌వాడీ కార్యకర్త

చాలదు. పిల్లల్లో వాంతులకు తరచూ కారణమయ్యే నోరోవైరస్ మీద ఆల్కహాల్ శానిటైజర్ సరిగా పనిచేయదు. చేతులు సబ్బుతో 20 సెకన్లు కడగాల్సిందే. మిగతా పిల్లల్ని బయటికి పంపి, గ్లౌజులు వేసుకుని కాగితాలతో ఎత్తేశాక, పైన ఎలుకల విషయంలో చెప్పిన ద్రవం పోసి 5 నిమిషాలకు పైగా ఉంచి తుడవండి. ఆ ద్రవాన్ని ఏ రోజుకారోజు కలుపుకోవాలి. చుట్టూ రెండు మీటర్ల మేర తుడవండి, తుంపర్లు కంటికి కనిపించినంత దూరమే పడవు.

వాంతి చేసుకున్న పిల్లకు పది నిమిషాలు ఆగి ఓఆర్‌ఎస్ చెంచాతో పట్టండి. గ్లాసుతో ఇస్తే మళ్లీ కక్కేస్తుంది. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నే కలపాలి. సగం ప్యాకెట్ ఉజ్జాయింపుగా కలిపితే ఉప్పు ఎక్కువై ముప్పు. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీటికి చదునుగా 6 టీస్పూన్ల పంచదార, చదునుగా అర టీస్పూను ఉప్పు.

ప్రశ్న: ఒక పిల్లకు ఆటలమ్మ వచ్చింది. ఊరంతా తెలిసిపోయింది కానీ మేం అధికారికంగా ఎవరికైనా చెప్పాలా?
– ఒక ఉపాధ్యాయురాలు

చెప్పాలి, పేరు లేకుండా. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది అంటుకుంటుంది కాబట్టి మిగతా ఇళ్లకు ఆ రోజే చీటీ వెళ్లాలి. ఇలా రాయండి: "మన బడిలో ఒకరికి ఆటలమ్మ వచ్చింది. మీ పిల్లలకు వచ్చేట్టయితే మామూలుగా 10 నుంచి 21 రోజుల్లో కనిపిస్తుంది. ఒంటి మీద నీటి పొక్కులు వస్తే బడికి పంపకుండా ఫోన్ చేయండి. ఇంట్లో ఇదివరకు ఆటలమ్మ రాని, టీకా వేసుకోని గర్భిణి ఉన్నా, నెలలోపు బిడ్డ ఉన్నా, క్యాన్సర్ మందులో స్టెరాయిడ్లో వాడుతున్నవాళ్లున్నా ఈ రోజే డాక్టర్‌కు చెప్పండి." టీకా వేసుకోని ఆరోగ్యవంతులైన పిల్లలకు, జబ్బు ఉన్నవాళ్లతో కలిసిన 3 నుంచి 5 రోజుల్లోపు టీకా వేయిస్తే జబ్బు రాకుండానో, వచ్చినా తేలిగ్గా పోయేలానో చేయవచ్చు. చీటీ ఆలస్యమైతే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.