వీణను ముందు బీరువా మీద నుంచి దించండి

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. మా వారు ఉక్కు కర్మాగారంలో షిఫ్టు డ్యూటీ చేస్తారు. అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అమ్మాయి పదో తరగతి, బాబు ఆరు చదువుతున్నారు. చిన్నప్పుడు విజయనగరంలో అమ్మమ్మ దగ్గర వీణ నేర్చుకున్నాను, గీతాలయ్యాక నేర్పే పెద్ద పాఠాలు, వర్ణాల దాకా వచ్చాను. పెళ్లితో ఆగిపోయింది. అమ్మమ్మ పోయాక ఆ వీణను నాకే ఇచ్చారు. బొబ్బిలి వీణ, బరువు. బీరువా మీద పెట్టాం, దించాలంటే మా వారు ఇంట్లో ఉండాలి. రోజూ తెల్లవారుజామున 4 గంటలకు లేచి గంటన్నర సాధన చేయాలని మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ రెండు వారాలు దాటలేదు. దసరాకు మా అపార్టుమెంటులో వర్ణం వాయిస్తానని అందరికీ చెప్పి కూర్చున్నాను. "పిల్ల పదో తరగతిలో ఉండగా నీకిప్పుడు వీణ కావాలా?" అన్నారు అత్తగారు. వదిలేయమంటారా?
– ఒక సోదరి, కూర్మన్నపాలెం, విశాఖపట్నం

జవాబు: వద్దమ్మా, వదిలేయకండి. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. తరువాత 1936లో ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఆ పీఠంలో కూర్చున్నారు. అలాంటి ఊళ్లో అమ్మమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య మీది. దాన్ని బీరువా మీద పెట్టి పైన దుప్పటి కప్పితే నాకే ప్రాణం ఒప్పడం లేదు.

నేను వీణ మీకంటే ఆలస్యంగా మొదలుపెట్టాను. అప్పటికి నాకు 43 ఏళ్లు. హార్బరు వైపు ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన మామగారు. నేనూ 4 గంటలకే లేచాను. రాత్రి అంట్లు తోమి పడుకునేసరికి 11 అయ్యేది. అలా 19 రోజులు నడిచింది. ఇరవయ్యో రోజున ఆఫీసులో ఒక బిల్లు మీద అంకె తప్పు వేశాను. దిద్దించుకునేసరికి సాయంత్రమైంది. ఆ మొహంతోనే మహారాణిపేటలో మా గురువుగారి ఇంటికి వెళ్లి, "నా వల్ల కాదండీ" అని ఏడ్చాను.

ఆవిడ ఏమీ అనలేదు. నా ఎడమ చెయ్యి పట్టుకుని దీపం దగ్గరకు లాగారు. చూపుడు వేలి కొస మీద తీగ ఒరిసిన నల్లటి గాడి ఉంది. మధ్యవేలికి నీటిబొబ్బ లేచి, చిట్లి, చర్మం వేలాడుతోంది. "ఒకేసారి ఎక్కువ వాయిస్తే బొబ్బ వస్తుంది. రోజూ కాస్త వాయిస్తే చర్మం గట్టిపడి కాయ కాస్తుంది. నాకు నీ వేలి మీద కాయ కావాలి" అన్నారు. మరునాటి నుంచి పది నిమిషాలే వాయించాలని, ఇంకా వాయించాలని ఉన్నా ఆపేయాలని ఆజ్ఞ. 21 ఏళ్లుగా ఆ మాట మీదే ఉన్నాను. మీకు చెప్పేదీ అదే.

రెండు వారాలు మానేస్తే వేలికొసలు మెత్తబడిపోతాయి. మళ్లీ కూర్చున్న రోజు తీగ కోసుకుపోతుంది, స్వరాన్ని ఊపే గమకం పలకదు, విద్యే పోయిందని బెంగ పుడుతుంది. పోయింది కాయే, విద్య కాదు. ఆదివారం రెండు గంటలు వాయించి మిగతా వారమంతా ముట్టుకోకపోతే ఆ కాయ ఎప్పటికీ రాదు. పది నిమిషాల చొప్పున వారంలో ఐదు రోజులు వాయిస్తే వస్తుంది. రోజూ గంటన్నర అనేది షిఫ్టులు లేని ఇంటికి వేసిన లెక్కమ్మా. మీ ఇంటికి అది కుదరకపోవడం మీ తప్పు కాదు.

ఆషాఢ పౌర్ణమి వస్తే మనవాళ్లంతా సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. నేనూ నడిచాను. కొండ కింద తొలి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్ మీదుగా వచ్చి, మాధవధార దాటి గోపాలపట్నం చేరేసరికి పాదాలు నావి కాకుండా పోయాయి. అది మొక్కు. ఒక్క రాత్రి ఒంటిని ఎంత కష్టపెట్టినా మరునాడు పడుకోవచ్చు. మీరు ప్రతి తెల్లవారుజామునా గిరి ప్రదక్షిణ చేయాలని చూశారు. వీణ మొక్కు కాదమ్మా, పెరట్లో మొక్క. రోజూ చెంబుడు నీళ్లు చాలు.

ఇప్పుడు మీ షిఫ్టుల సంగతి చూద్దాం. గడియారం పెట్టుకుని ఒకే వేళకు కూర్చోవాలంటే మీకు ఎన్నటికీ కుదరదు. షిఫ్టు మారితే మీ వేళ కూడా మారాలి. ఆయనది ఉదయం 6 గంటల షిఫ్టు అయితే క్యారేజీ కోసం మీరు ఎలాగూ లేస్తారు. ఆయన గడప దాటాక, పిల్లలు లేచేలోగా ఉన్న సమయం మీది. మధ్యాహ్నం 2 గంటల షిఫ్టులో ఆయన వెళ్లాక, అత్తగారు నడుం వాల్చిన అరగంట మీది. కష్టమల్లా రాత్రి షిఫ్టు రోజులతోనే. పగలంతా ఆయన నిద్ర, సాయంత్రం అమ్మాయి చదువు. ఆ రోజుల్లో మెత్తని నూలు గుడ్డను మడిచి, మీటే చోటికి కాస్త ఇవతల తీగల కింద దూర్చండి. శబ్దం గది దాటదు. నాదం ఉండదు కానీ వీణ మెట్ల మీద వేళ్ల నడక పోదు. మామగారు మంచంలో ఉన్న రెండేళ్లూ నా సాధన చాలావరకు ఇలాగే సాగింది.

వీలైన రోజున గంట కూర్చోండి, తప్పు లేదు. దాన్ని చూసి రేపు కూడా గంట కూర్చోవాలని మాత్రం అనుకోవద్దు. నేను డైరీలో నిమిషాలు రాసేదాన్ని కాదు. కూర్చున్న రోజుకు ఒక చుక్క, అంతే. పది నిమిషాలకైనా గంటకైనా అదే చుక్క.

అత్తగారి మాట మీకు గుచ్చుకున్నట్టుంది. ఆవిడకు వీణ మీద కోపం ఉందని నేను అనుకోను. మనవరాలి పరీక్ష గురించి బెంగ, సాయంత్రం టీ ఎవరు ఇస్తారన్న దిగులు కలిసి ఆ మాటైంది. ఆవిడ మోకాళ్లకు నూనె రాసేటప్పుడు తొలి పాఠాలైన సరళీ స్వరాలు పాడుతూ రాయండి. మీకూ సాధనే, ఆవిడ చెవికీ అలవాటవుతుంది. అమ్మాయి పరీక్షల నెలలో గుడ్డ పెట్టి వాయించడం ఒక్కటే చేస్తానని ఇంట్లో ముందే చెప్పండి. పరీక్షలు అయిన మరునాడు గుడ్డ తీసేస్తానని కూడా చెప్పండి. ఈ రెండో మాట మరచిపోవద్దు. మళ్లీ మొదలుపెట్టే రోజు ముందే అనుకోకపోతే, ఆగింది ఆగినట్టే ఉంటుంది.

దసరాకు వర్ణం వద్దు. అపార్టుమెంటు వాళ్లకు చెప్పేయండి, ఒక చిన్న గీతం వాయిస్తానని. ఇన్నేళ్ల తరువాత సభలో కూర్చుని మలహరి రాగంలో ఒక గీతం శ్రుతి శుద్ధంగా పలికించడం చిన్న విషయం కాదు.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం, వీణ దించాలంటే మా వారు ఉండాలన్నది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి చేసే వీణ బరువుగానే ఉంటుంది. వాయించాలనిపించిన ప్రతిసారీ ఇంకొకరి చేతి సాయం కావాలంటే, ఆ అనిపించడం కాస్తా పోతుంది. ఈ ఆదివారమే దించించండి. ఎండ తగలని గోడ వారగా ఒక చాప పరిచి, వీణను అక్కడే ఉంచండి, పైన పాత నూలు చీర కప్పండి. మన ఊరి ఉప్పుగాలికి తీగలు ఈపాటికి తుప్పు పట్టి ఉంటాయి, అన్నీ మార్పించండి. ఎండాకాలం వేడికి, మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి మెట్లు పక్కకు జరిగి ఉండవచ్చు. అలా ఉంటే మీరు కదపవద్దు, తెలిసినవారి చేత మెట్లన్నీ సరిచేయించి మళ్లీ మేళం కట్టించండి. మొదటి రోజు ప్రధాన తీగ సారణి మీద మధ్య షడ్జమం నుంచి తారషడ్జమం దాకా, అంటే కింది 'స' నుంచి పై 'స' దాకా, ఎక్కి దిగండి, చాలు. వేలు మంటపుడితే ఆపేసి, డైరీలో చుక్క పెట్టుకోండి.