జాకాల్ నవలను మధ్యలో వదిలేయకండి

'ది డే ఆఫ్ ది జాకాల్' మొదటి భాగంలోనే ఆపేశానన్నారు, అందులో జాకాల్ అనే కిరాయి హంతకుడు గురిపెట్టిన ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ నిజానికి హత్యకు గురికాలేదని ముందే తెలిశాక ఇంక సస్పెన్స్ ఏముందని అడిగారు. నిజమేనండీ, 1971లో ఆ పుస్తకం వచ్చేనాటికే ఆయన ఇంట్లోనే సహజంగా కన్నుమూశారు. అందుకే "చంపుతాడా లేదా" అనే ప్రశ్న పక్కన పెట్టి, ఇంత పకడ్బందీగా వస్తున్న జాకాల్‌ని ఎవరు, ఎలా పట్టుకుంటారన్న ఆత్రంతో చదవండి.

మీకు విసుగనిపించిన ఆ దొంగ పాస్‌పోర్టులు, ప్రత్యేకంగా చేయించుకున్న తుపాకీ, అవే నాకు ప్రాణం. జాకాల్ అడవిలో చెట్టుకు ఖర్బూజా వేలాడదీసి, దాని మీద మనిషి ముఖం గీసి, ఒక్కో తూటాకూ తుపాకీ టెలిస్కోప్ స్క్రూ సరిచేసుకుంటూ గురి కుదుర్చుకుంటాడు చూడండి, అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. రెండో భాగంలో డిటెక్టివ్ లెబెల్ వచ్చాక ఇక వేట మొదలవుతుంది. కనీసం అతను వచ్చేదాకా ఓపిక పట్టండి, ఆపై పుస్తకం మిమ్మల్ని వదలదు.

అప్పటికీ పట్టు చిక్కకపోతే మొహమాటపడకుండా పక్కన పెట్టేసి, 1957 నాటి యుద్ధ నవల 'గన్స్ ఆఫ్ నవరోన్' అందుకోండి. తుఫాను రాత్రి నిట్టనిలువు కొండ ఎక్కే ఘట్టం ఒక్కటి చాలు. మీలా పరుగు కోరుకునేవాళ్లకు అదే సరైనది.