ముసలితనం మీద, బాక్టీరియా మీద పరిశోధన చేస్తే బతుకు గడుస్తుందా?

అమలాపురంలో బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాదిలో ఉన్నానని, ముసలితనం మీద, బాక్టీరియా మీద పరిశోధన చేయాలని ఉందని, ఇంట్లోవాళ్ళేమో బీఈడీ చేసి టీచరు ఉద్యోగం చూసుకోమంటున్నారని రాశారు. నేను పధ్నాలుగేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను, పైగా కోనసీమదాన్నే. ఉన్నదున్నట్టు చెబుతాను.

మా పొలం కాలవ శివారులో ఉండేది. దాళ్వాకు నీళ్ళు అందీ అందనట్టు వచ్చేవి. అందుకని నాన్న సార్వా వరి కోతకు ముందే చేలో మినుములు చల్లేసేవారు. పూత మీద ఉన్న మొక్కని పీకి, వేరుకున్న బుడిపెని గోటితో గిల్లితే లోపల గులాబీ రంగు. కాయలు ముదిరాక అదే చేలో ఇంకో మొక్క పీకి గిల్లితే ఆకుపచ్చగా, మెత్తగా. ఎందుకలా అని అడిగితే నాన్న, "దాని పని అయిపోయిందమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట మీద తర్వాత ఆరేళ్ళు పీహెచ్‌డీ చేశాను.

బుడిపెలో ఉండేది రైజోబియం బాక్టీరియా. 1888లో బైయెరింక్ అనే డచ్ శాస్త్రవేత్త దాన్ని వేరుచేసి పెంచారు. అది గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇస్తుంది, మొక్క దానికి చక్కెరలు పెడుతుంది. అయితే నత్రజనిని మార్చే ఎంజైముకి ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. అందుకే లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రొటీన్ ఆక్సిజన్‌ని పట్టి, కొలిచి వదులుతుంది. మన నెత్తురులోని హీమోగ్లోబిన్‌కి చుట్టమే, ఆ గులాబీ రంగు దానిదే. గింజ పాలుపోసుకునే వేళకి బుడిపెలో ప్రొటీన్లని కోసే ఎంజైములు పెరుగుతాయి, బాక్టీరియా జీర్ణమైపోతుంది, లెగ్‌హీమోగ్లోబిన్ విరిగి ఆకుపచ్చకి తిరుగుతుంది. నాకు పిచ్చి పట్టించింది ఇదే: బుడిపె వాడి వాడి పాడవడం లేదు. మొక్కే ఆ కాపురం ఎత్తేసి, అక్కడి సామానంతా గింజలకి తరలిస్తోంది. ముసలితనం అంటే అరుగుదల అనుకునేదాన్ని. ఇక్కడ చూస్తే లెక్క ప్రకారం చేసే సర్దుబాటులా ఉంది.

తర్వాత నాలుగేళ్ళు పోస్ట్‌డాక్‌లో, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగంలో, నులిపురుగులు. మన కడుపులో ఉండేవి కావు, మట్టిలో బతికేవి. సీ. ఎలిగాన్స్ అంటారు, మిల్లీమీటరు పొడవు, రెండు మూడు వారాల ఆయుష్షు. 1993లో అమెరికా శాస్త్రవేత్త సింథియా కెన్యన్ బృందం దీనిలో డాఫ్-2 అనే ఒక్క జన్యువు మారితే ఆయుష్షు రెట్టింపు అవుతుందని చూపించాక ఈ రంగం ఊపందుకుంది. ల్యాబ్‌లో పెంచే ప్లేటు మీద దీనికి మేత ఈ.కోలై బాక్టీరియా. వయసులో ఉన్నప్పుడు పురుగు దాన్ని గొంతులోనే నలిపి మింగుతుంది. ముసలిదయ్యాక నలపడం చేతకాక, బతికున్న బాక్టీరియా పేగులోకి చేరి అక్కడే పెరుగుతుంది. బాక్టీరియాని చంపి పెడితే పురుగు ఎక్కువ రోజులు బతుకుతుంది. నిన్నటి అన్నమే ఇవాళ్టి జబ్బు!

ఇంకోటి. మా అమ్మ రోజూ వేసుకునే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్. అది ఈ పురుగుల ఆయుష్షు పెంచుతుంది. ఎలాగో 2013లో లండన్ వాళ్ళు తేల్చారు: మందు ఈ.కోలైలో ఫోలేట్ (ఒక బి విటమిన్), మెథియోనిన్ (ప్రొటీన్లలో ఉండే ఒక అమైనో ఆమ్లం) వ్యవహారాన్ని మారుస్తుంది, ఆ మారిన మేత తిని పురుగు ఎక్కువ బతుకుతుంది. మందుకి లొంగని రకం ఈ.కోలై పెడితే ఆయుష్షు పెరగలేదు. (దీన్ని మనుషులకి అంటగట్టి వాట్సాప్‌లో తిప్పకండి.) అమ్మకి చెబితే, "ఆ పురుగులు ఎన్నాళ్ళు బతికితే మనకేంటే?" అంది. ఇప్పటికీ ఆవిడకి సరైన జవాబు చెప్పలేకపోయాను.

రోజువారీ పని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నా. ఒక్కో పురుగు దాదాపు 300 పిల్లల్ని పెడుతుంది. పిల్లలు మూడు రోజుల్లో తల్లంత అవుతాయి. రోజూ తల్లుల్ని ప్లాటినం తీగ కొసతో ఎత్తి కొత్త ప్లేటుకి మార్చకపోతే ఎవరు తల్లో ఎవరు పిల్లో తెలియదు. తీగతో తట్టినా కదలకపోతే చనిపోయినట్టు రాసుకోవాలి. ఆదివారం లేదు, పండగ లేదు. ఒక సంక్రాంతికి నాలుగు రోజులు ఇంటికొచ్చాను. 20 డిగ్రీల్లో ఉండాల్సిన ఇంక్యుబేటర్ చెడిపోయి వేడెక్కింది, పురుగులు తొందరగా పోయాయి, నెల రోజుల లెక్కంతా చెత్తబుట్టలోకి. నేను తిన్న అరిసెలన్నీ అరగకుండా పోయినట్టయింది.

డబ్బు సంగతి. 2011లో నాకు జేఆర్ఎఫ్, అంటే పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే ఫెలోషిప్, నెలకి 16,000 రూపాయలు. 2023 జనవరి నుంచి 37,000, ఇంటి అద్దె భత్యం వేరే. పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి నాకు ముప్పై అయిదు. అప్పటిదాకా ఏడాదికో రెండేళ్ళకో కాంట్రాక్టు, ప్రతిసారీ టెన్షన్. మీ అమ్మానాన్నల భయంలో అబద్ధం లేదు. ఇంటికి వెంటనే మీ జీతం కావాలంటే బీఈడీయే మేలు, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఆ అవసరం లేకపోతే ముందు రెండు నెలలు ల్యాబ్‌లో కూర్చుని చూడండి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది, స్టైపెండ్ కూడా ఇస్తారు. తీగతో పురుగుల్ని ఎత్తడం పదో రోజుకి విసుగొచ్చిందా, నలభయ్యో రోజుకి కూడా రేపు ఏం కనిపిస్తుందోనని నిద్రపట్టలేదా, మీకే తెలుస్తుంది. "ముసలితనాన్ని జయించాలి" అని మాత్రం దరఖాస్తులో రాయకండి, అందరూ అదే రాస్తారు. మీ చేలోనో చెరువులోనో కళ్ళారా చూసిన ఒక్క విషయం రాయండి. రాశాక నాకు పంపితే దిద్దిపెడతాను.